మెట్ల కిటికీలో గూబయ్య

ఆదివారం నాడు తిరుపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే సూర్యాపేటలో బస్సెక్కి కోదాడ పోవాలి. అక్కడ కుట్టడానికిచ్చిన బొమ్మ తీసుకోవాలి. మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. మర్నాడు కూతురు లింగశ్రీ పుట్టినరోజు. పిల్ల కళ్లు నులుముకుని లేచేసరికి మంచం మీద గూబయ్య కూర్చుని ఉండాలి.

గూబయ్య టీవీలో వచ్చే గుడ్లగూబ బొమ్మ. పొద్దుటి పాఠాల కార్యక్రమంలో టీచరమ్మ పక్కన బల్ల మీద కూర్చుని పిల్లలకు ప్రశ్నలు వేసేది. "ఈ కాయ పేరేమిటి? చెప్పు చెప్పు" అని అడిగి, రెక్క చెవి దగ్గర పెట్టుకుని ఊరుకునేది. ఎక్కడో ఇళ్లలో ఉన్న పిల్లల జవాబు వినపడేదాకా కదలనన్నట్టు చాలాసేపు అలాగే ఉండేది. తర్వాత "అబ్బ, ఎంత బాగా చెప్పావు!" అని తల ఊపేది. ఈ మధ్య ఆ కార్యక్రమం ఆగిపోయింది. దాని బదులు పోటీ పరీక్షల పాఠం వస్తోంది. అందులో సారు బోర్డు వైపు తిరిగి రాసుకుంటూ పోతాడు. ఎవర్నీ ఏమీ అడగడు.

అప్పటి నుంచి తిరుపతి తండ్రి బీరన్న రోజూ చాయ్ దగ్గర మనవరాలి సంగతి ఎత్తుతున్నాడు.

"పోరి బెంగ పెట్టుకున్నదిరా. గూబయ్య రాకపాయె, బువ్వ సుత తింటలేదు."

"నిన్న మూడు దోశెలు తిన్నది గద మామా," అంది కోడలు స్వరూప.

"కడుపుకు తిన్నది. మనసుకు తినలే."

బీరన్న పెన్‌పహాడ్‌లో గొర్లు కాసిన మనిషి. మోకాళ్లు మొరాయించాక మందను పెద్దకొడుక్కి అప్పగించి, చిన్నకొడుకు దగ్గరికి వచ్చాడు. తిరుపతి ఆఫీసుకు, స్వరూప బట్టల షాపుకు, లింగశ్రీ బడికి వెళ్లిపోతే పైవాటాలో ఆయనా, టీవీ మిగులుతారు. కిందివాటాలో ఇంటి ఓనరు ఆండాళమ్మ ఉంటుంది. ఆమె భర్త నాగేశ్వర్ రావు మిర్యాలగూడలో రైసు మిల్లు చూసుకుంటూ వారానికోసారి ఇంటికి వస్తాడు. పైన ఒకరు, కింద ఒకరు ఒంటరిగా ఉన్నా ఇద్దరి మధ్యా "నల్లా వచ్చిందా?", "వచ్చిందమ్మా" తప్ప మాటలు లేవు.

కోదాడలో బొమ్మలు కుట్టే శోభ గూబను బల్ల మీద పెట్టి, తన పనితనం తనే ఒకసారి చూసుకుని మురిసింది. సోఫా గుడ్డతో గోధుమరంగు ఒళ్లు, లోపల నిండా దూది.

"కళ్లు చూశారా అండీ? గుండీలు పెడితే గుడ్డి చూపు వచ్చింది. మా ఆయన లారీలకు రేడియం అతికిస్తారు కదా, మిగిలిన పసుపు ముక్క అడిగి పెట్టాను. లైటు వెయ్యండి ఒకసారి."

తిరుపతి సెల్‌ఫోన్ లైటు వేశాడు. గూబ కళ్లు భగ్గుమన్నాయి. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పిల్ల భయపడదు గదమ్మా?"

"పిల్లలు భయపడరండీ. పెద్దాళ్ల సంగతి నేను చెప్పలేను."

అంతా బాగానే ఉంది గాని, చెయ్యి దూర్చడానికి దారి పెట్టడం శోభ మర్చిపోయింది. మళ్లీ విప్పి, దూది తీసి, అరచెయ్యి పట్టేలా కుట్టేసరికి సాయంత్రమైంది. తిరుపతి సూర్యాపేటలో ఇల్లు చేరేటప్పటికి దీపాలు పెట్టే వేళ. మెట్లెక్కుతుంటే పైనుంచి లింగశ్రీ గొంతు వినబడింది. "డాడీ వచ్చిండు!" అంటూ దిగి వస్తోంది. బొమ్మను దాచడానికి చోటు లేదు. మెట్ల మలుపులో కిటికీ ఉంది. గూబను ఆ గట్టు మీద పెట్టి, పిల్లకు ముఖం కనబడకుండా వీధి వైపు తిప్పాడు. చీకట్లో అదొక గుడ్డల మూటలా ఉంది. పిల్లను ఎత్తుకుని పైకి పోయి, అందరూ పడుకున్నాక తెచ్చుకోవచ్చని స్నానానికి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే ఆండాళమ్మ గేటు వేయడానికి బయటికి వచ్చింది. పాల ఆటో ఒకటి వీధి మలుపు తిరిగింది. దాని లైటు మెట్ల కిటికీ మీద పడగానే రెండు పసుపుపచ్చని కళ్లు తెరుచుకుని ఆమెనే చూశాయి.

ఆండాళమ్మ రెండోసారి చూడలేదు. చూస్తే ఆ కళ్లలో లారీ రేడియం ఆనవాలు పట్టి ఉండేదేమో. కానీ ఇల్లు చొచ్చిన గూబను రెండోసారి చూడకూడదని, దాని పేరు పలకకూడదని ఆమె పుట్టింట్లో గట్టి నమ్మకం. కళ్లు మూసుకుని, గోడ పట్టుకుని వీధిలోకి నడిచి మిర్యాలగూడకు ఫోన్ చేసింది.

"ఏమండీ, మనింట్లకు అది వచ్చింది."

"ఏది?" అన్నాడు నాగేశ్వర్ రావు.

"పేరు తియ్యద్దు. పెద్ద కండ్లది. రాత్రి తిరుగుతది."

"పిల్లినా?"

"రెక్కలున్నయండీ!"

నాగేశ్వర్ రావు మిల్లు చప్పుడుకు దూరంగా జరిగాడు.

"లోపలనా, బయటనా?"

"మెట్ల కిటికిల కూసున్నది. వీధి దిక్కే చూస్తున్నది."

"అయితే లోపల్నే. అందర్ని బయటికి పంపియ్యి. అయ్యగారిని పట్టుకొని నేనే వస్త. శాంతి చేసేదాంక ఎవ్వరు గడప తొక్కద్దు. దాన్ని చూడద్దు, పిలవద్దు."

ఆండాళమ్మ మెట్ల దగ్గరికి పోలేదు. గేటు బయటి నుంచే అరిచింది. "స్వరూపా! పిల్లను, ముసలాయన్ని తీస్కొని దిగున్రి! ఇంట్ల అది ఉన్నది. లైటెయ్యద్దు. కిందికే చూసుకుంట రాన్రి!"

కిందికే చూస్తూ రమ్మన్నారంటే స్వరూపకు తోచింది ఒక్కటే, పాము. బాత్రూం తలుపు బాది మొగుణ్ని పిలిచింది. తిరుపతి లుంగీ, బనియనుతో పిల్లను చంకనెత్తుకున్నాడు. నలుగురూ ప్రతి మెట్టూ కాలితో తడుముకుంటూ, తల ఎత్తకుండా గూబ పక్కనుంచే దిగి వీధిలో పడ్డారు.

ఎదురింటి కిరాణా ఈదయ్య అప్పటికే కర్ర పట్టుకుని వచ్చాడు. "ఎంత పెద్దగున్నదమ్మా?"

పేరు పలకలేక ఆండాళమ్మ రెండు చేతులతో జానెడు చూపించింది.

"అయ్యో, అది పిల్ల. పిల్ల ఉన్నదంటె తల్లి గీడనే ఉంటది!"

ఆ మాట ఆయన తన ఫోన్‌లో పాములు పట్టే గోప్యాకు చెప్పాడు. ఆ పక్కింటివాళ్లు విన్నారు. తల్లి ఏ ఇంట్లో ఉందో తెలియదు గనక వాళ్లూ బయటికి వచ్చారు. వాళ్లను చూసి వెనక వరుసవాళ్లు వచ్చారు. కాసేపట్లో వీధి వీధంతా కుర్చీలు, చంటిపిల్లలు, పొయ్యి మీంచి దించిన కూర గిన్నెలతో రోడ్డు మీద ఉంది. ఒకావిడ అయితే మూడు పాములని లెక్క కూడా చెప్పింది. తిరుపతి మాత్రం బొమ్మను పాము కాటేయదులే అని ధైర్యంగా ఉన్నాడు.

గోప్యా మోటారు సైకిలు మలుపు తిరిగింది. లైటు కిటికీ మీద పడింది. అందరూ కాళ్ల కింద చూసుకుంటుంటే పైకి చూసినవాడు బీరన్న ఒక్కడే.

"గూబయ్యా!"

ఆ పిలుపు వీధి చివరిదాకా వినబడింది. ఆండాళమ్మ చెవులు మూసుకుంది. "పేరు పెట్టి పిలిచిండు! అయిపాయె! ఇగ ఖతం!"

ఇప్పుడు అందరూ పైకి చూశారు. ఆ కళ్లు చూసి, చూసినందుకు మళ్లీ కళ్లు మూసుకున్నారు. గోప్యా బండి దిగకుండానే వెనక్కి తిప్పాడు. "పాములైతే పడుత గని, ఇది నా పని గాదన్నా," అని వెళ్లిపోయాడు.

బీరన్న కర్ర ఊనుకుంటూ గేటు వైపు నడిచాడు. ఈదయ్య నడుం పట్టుకుని ఆపాడు.

"యాడికే పెద్దాయనా?"

"వదులయ్యా. నా కోసమే వచ్చిండు. రాడు, రాడు అనుకున్న. వచ్చిండు."

వీధిలో అలజడి ఆగిపోయింది. గూబ ఎవరి కోసం వస్తుందో, ఎందుకు వస్తుందో అందరికీ తెలుసు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్వరూప ఏడుస్తూ మామ కాళ్లకు అడ్డం కూర్చుంది. "గట్లనకు మామా. నీకేమైందని? నాలుగు దినాలు ఉండాల్సినోనివి!"

"పెద్దాయనా, జవాబియ్యకు!" అరిచింది ఆండాళమ్మ. "అది పిలిస్తే పలకద్దు!"

"పలకనీకెనే ఇన్ని దినాలు ఎదురు చూస్తున్నమ్మా," అన్నాడు బీరన్న.

ఆ మాటకు ఎవరో పెన్‌పహాడ్‌లో పెద్దకొడుకు నంబరు అడిగారు. రేపటిదాకా గుట్టు దాచాలని చూసిన తిరుపతి, సంగతి అంతదాకా వచ్చాక ఓర్చుకోలేకపోయాడు.

"ఆగుండ్రి! అది బొమ్మ! కోదాడల కుట్టిచ్చి తెచ్చిన. రేపు మా లింగశ్రీ పుట్టినరోజు!"

చంకలో ఉన్న లింగశ్రీ తండ్రి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "నాకా? నాకెందుకు డాడీ? నేను సైకిల్ అడిగితి గద."

"నువ్వు బెంగ పెట్టుకున్నవని తాత..."

"నేను గది చూడనే చూడ. నేను జడలేసుకునేటప్పుడు తాతనే చూస్తడు. గూబయ్య అడిగితె అన్ని తాతనే చెప్తడు. ఒకసారి రామాఫలం గూడ చెప్పిండు."

వీధి మొత్తం బీరన్న వైపు తిరిగింది. పులికి ఎదురుపోయినవాడిలా ఇంతసేపూ నిలబడ్డ మనిషి, తప్పు చేసిన పిల్లాడిలా తలపాగా తీసి చేతిలో నలుపుకున్నాడు.

"ఏమనుకోకున్రి. గొర్ల కాడ ఉన్నప్పుడు పొద్దుగాల లేస్తె పొద్దుమీకెదాంక మాట్లాడుతనే ఉంటి. గీడికొచ్చినంక నన్ను ఒక మాట అడిగి, చెప్పెదాంక ఆగింది గా పిట్ట ఒక్కటే. మీరు మంచిగనే చూస్తున్నరు బిడ్డా. కని మీకు టైముండది."

ఈదయ్య ముందుగా తేరుకుని, "పాముల్లేవు, ఏం లేవు, కూరలు సల్లగైతున్నయి, నడువున్రి," అని జనాన్ని పంపేశాడు.

తిరుపతి మెట్లెక్కి గూబను తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. బీరన్న అరుగు మీద కూర్చుని, దాని ఒళ్లు నిమిరి, మెల్లగా చెయ్యి తొడిగాడు. గూబ తల ఎత్తింది.

"చెప్పు చెప్పు," అన్నాడు బీరన్న సన్నని గొంతుతో. ఆగాడు. చాలాసేపు ఆగాడు. తర్వాత చెయ్యి బయటికి తీసేశాడు.

"నేనే అడిగి నేనే చెప్పాలె గదరా."

"ఇటియ్యి బాపూ," అని తిరుపతి తొడుక్కున్నాడు. "బీరన్నా, బీరన్నా, ఆకలైతుందా? అయితది, పొద్దుగాల తిన్నవ్. పద, అన్నం తిందాం."

"నువ్వు జర ఆగవు," అంటూ స్వరూప తీసుకుంది. "మామా, గోలీలు ఏసుకున్నవా? ఏసుకోలేదు. నాకెర్కనే."

లింగశ్రీ తండ్రి భుజం మీద నిద్రపోయింది. బీరన్న నవ్వి, "మంచిగనే అడిగిన్రు. ఇగ పిల్లను పండవెట్టున్రి," అన్నాడు. కొడుకూ కోడలూ పిల్లను తీసుకుని పైకి వెళ్లారు. ఆయన గూబను పక్కన పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఆండాళమ్మ ఇంకా గేటు బయటే ఉంది. లోపలికి వచ్చి, దూరంగా నిలబడి, కాసేపు గూబనూ కాసేపు ఆయననూ చూసింది. ఇంట్లోకి పోయి కూరగాయల ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చి చేతికి తొడుక్కుంది. దాని మీద గూబను తొడుక్కునేటప్పుడు రెండు కళ్లూ మూసుకుంది. మెట్టు మీద కూర్చుని ఒక కన్ను తెరిచింది.

"ఇన్ని గొర్లను కాసినవ్ గద. అన్నిట్ల నీకు ఇష్టమైంది ఏది? చెప్పు చెప్పు," అని అడిగింది గూబ.

అడిగి, రెక్క చెవి దగ్గర పెట్టుకుంది. అలా పెట్టాలని ఆండాళమ్మకు ఎవరూ చెప్పలేదు. బీరన్న ఆ రెక్కను చూశాడు, ఆమెను చూశాడు, కింది వాటాలో తలుపు సందులోంచి కనబడుతున్న టీవీని చూశాడు.

గూబ ఆగింది. వీధిలో ఒక్కో తలుపూ పడుతోంది. అయినా గూబ కదలలేదు.

"ఒకటుండె," అన్నాడు బీరన్న. "ఒక చెవు చిరిగిపోయినది. మంద ముందట నడ్వకపొయ్యేది, ఎనక ఉండకపొయ్యేది. నా పక్కనే నడ్సేది. ఎందుకంటవ్?"

"నువ్వే చెప్పు," అంది గూబ.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. కాలువ దాటడం, వాన రావడం, గొంగడి కింద ఆ గొర్రె, తను. మధ్యలో ఆండాళమ్మ ఫోన్ మోగింది. ఆమె ఎడమచేత్తో తీసింది.

"అయ్యగారు దొరికిండు," అన్నాడు నాగేశ్వర్ రావు మిర్యాలగూడ నుంచి. "కారు ఎక్కుతున్నం. పోయిందా అది?"

"పోలేదండీ. కూసున్నది."

"ఎక్కడ?"

"నా చేతి మీద. జర ఆగున్రి, బీరన్న మాట్లాడుతున్నడు, అది ఇంటున్నది," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

నాగేశ్వర్ రావు ఆ రాత్రికి మిర్యాలగూడలోనే ఉండిపోయాడు.