పిలిచే వచ్చాం

చిన్న కథ. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినా వినొచ్చు, పొంగేలోపు అయిపోతుంది.

ఒక పెద్ద అడవిలో ఒక సింహం రాజుగా ఉండేది. పెద్ద అడవి అంటే మరీ పెద్దదేం కాదు. ఆ చివర ఎలుగుబంటి గురక పెడితే ఈ చివర కుందేళ్ళకి నిద్ర పట్టదు. ఆ గురక భరించలేకే ఎలుగు భార్య పుట్టింటికి వెళ్ళిందంటారు. గురక కాదు, తేనె వాటాల్లో తేడాలొచ్చాయని ఇంకొందరంటారు. మనకెందుకు? సింహం సంగతి చూద్దాం.

రాజుకైనా హద్దుండాలని ఆ అడవి జంతువులు ఒకప్పుడు బండ మీద నియమాలు చెక్కించుకున్నాయి. మొదటిది: రాజు తన ప్రజల్ని తినకూడదు. అప్పట్నించీ సింహం భోజనానికి పక్క అడవికి వెళ్ళొస్తోంది. రెండోది: పిలవకుండా ఎవరింట్లోకీ ఎవరూ వెళ్ళకూడదు, రాజైనా సరే.

అంతా బాగానే ఉండగా, సింహం జూలులో సగం సవరమేనని ఎవరో అన్నారు. నేను కాదు.

సింహానికి మండింది. అన్నవాళ్ళని పట్టుకోవాలంటే ఇల్లిల్లూ వెతకాలి. వెతకాలంటే రెండో నియమం అడ్డు. ఆస్థాన న్యాయవాది కొంగకి కబురు వెళ్ళింది.

కొంగ ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని బండ చదివింది.

"పిలవకుండా వెళ్ళకూడదని ఉంది మహారాజా. ఎవరు పిలవాలో లేదు."

"అంటే?"

"గుమ్మంలో నిలబడి మనమే ఓ కేక వేస్తే పిలిచినట్టే. పిలిచాం కాబట్టి వెళ్ళొచ్చు."

సింహం కొంగకి మంచి చేప ఒకటి ఇప్పించింది.

రాజభటులైన తోడేళ్ళు ముందుగా ఏదుపంది బొరియకి వెళ్ళాయి. ఆ ఏదమ్మ పచ్చి బాలింత. "ఏదమ్మా!" అని గట్టిగా అరిచి, ఆవిడ పలికేలోపే లోపల దూరాయి. పిల్లలు పడుకున్న గడ్డి తిరగేశాయి. సవరం మాట అన్నట్టు సాక్ష్యం దొరకలేదు గానీ దుంపలు దొరికాయి. సాక్ష్యం కింద వాటినే తినేశాయి.

"ఎవర్నడిగి వచ్చారు నాయనా?" అంది ఏదమ్మ.

"అదేంటమ్మా, పిలిచే వచ్చాంగా!"

మర్నాడూ పిలిచాయి. ఆ మర్నాడూ పిలిచాయి. దుంపలు అయిపోయాయి. తిండి లేక తల్లికి పాలు తగ్గాయి, పిల్లలు ఏడుపు అందుకున్నాయి. ఏదమ్మ న్యాయాధికారి తాబేలుకి మొర పెట్టుకుంది. వినే ముందు కళ్ళజోడు వెతుక్కోవాలంది తాబేలు. వెతుకుతూనే ఉంది.

ఏదమ్మ ఎలుగుబంటి దగ్గరికెళ్ళింది.

"చట్టం అలా ఉంది చెల్లెమ్మా, ఏం చేస్తాం?" అంది ఎలుగు, తేనెపట్టు నాకుతూ.

"ఆ చట్టం రాజుగారింటికి కూడానా అన్నయ్యా?"

ఎలుగు నాకడం ఆపింది.

మర్నాడు మధ్యాహ్నం సింహం కునుకు తీస్తోంది. "మహారాజా!" అని గుహ ముందు కేక వేసి, ఏదమ్మ పిల్లలతో సహా లోపలికి నడిచింది. తర్వాత ఎలుగు కేకేసి వచ్చింది. కుందేళ్ళు సకుటుంబంగా వచ్చాయి. అడవిపంది బురదతో వచ్చింది.

"ఎవడ్రా రమ్మంది మిమ్మల్ని?" అని సింహం గర్జించింది.

"పిలిచే వచ్చాం మహారాజా," అన్నాయి అన్నీ.

కాపలా తోడేళ్ళు పక్కనే ఉన్న కొంగ వైపు చూశాయి. కొంగ రెండో కాలు కూడా ఎత్తబోయి కింద పడింది.

కునుకు తీసేటప్పుడు సింహం సవరం విప్పి పక్కన పెట్టుకుంటుందని ఆ రోజు అందరికీ తెలిసింది. అందరి వెనకా వచ్చిన కోతి దాన్ని నెత్తిన పెట్టుకుని చూసి, "బరువుగా ఉందే, మెడ లాగదా మహారాజా?" అని పరామర్శించింది కూడా.

సింహం కోర్టుకెక్కింది. ఈసారి తాబేలు కళ్ళజోడు అడగలేదు. పరిగెత్తుకొచ్చింది. తాబేలు పరుగు అడవి చూడ్డం అదే మొదలు.

"సొంత ఇంట్లో కూడా ప్రశాంతంగా పడుకోనివ్వకపోతే ఎలాగండీ?" అని సింహం కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నేను మొత్తుకుంటున్నదీ అదే కదా బాబూ," అంది పక్కనున్న ఏదమ్మ.

పిలవడమంటే లోపలివాళ్ళు పిలవడమేనని, ఇల్లున్న ప్రతి ప్రాణికీ అది వర్తిస్తుందని తాబేలు అక్కడికక్కడే తీర్పు చెప్పింది. తోడేళ్ళు మళ్ళీ ఏదమ్మ గుమ్మం తొక్కలేదు. పిల్లలు ఒళ్ళు చేశాయి.

పౌరహక్కుల కోసం పోరాడినందుకు ఆ ఏడాది సింహానికి ఘనంగా సన్మానం చేశారు. సన్మానపత్రం కొంగ చదివింది. శాలువా అందించే పని ఏదమ్మకి ఇచ్చారు. అది ముళ్ళకి తగులుకుని చిరిగితే, జాగ్రత్త లేదని అందరూ ఆవిడనే తిట్టారు.

నీతి: మీ హక్కు మీకు దక్కాలంటే, ముందు రాజుగారికి దాంతో పని పడాలి.