ఎర్ర త్రికోణం మీద పచ్చ స్టిక్కర్

భూగోళాన్ని కాపాడే బాధ్యతను మనం చివరికి తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగించాం. పదో తరగతి పాఠాలు వేసవిలోనే మొదలవుతాయి గనక, వాళ్లు భూగోళానికి కేటాయించగలిగింది మే నెలలో ఐదు రోజులు. ఆరో రోజు నుంచి దాని సంగతి అదే చూసుకోవాలి.

ఆ ఐదు రోజుల కోసం తుళ్లూరు దగ్గర, ఒకప్పుడు ఏడాది పొడుగునా పంటలు పండిన నేలలో కట్టిన రిసార్టులో 'హరిత బాలనాయకత్వ వేసవి శిబిరం' పెట్టారు. హాల్లో ఏసీ పదహారు మీద ఉండడంతో, భూతాపం గురించి పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు శాలువలు కప్పాల్సి వచ్చింది. సంచాలకులు శ్యామ్ సుందర్ గారు. ఆయన విజిటింగ్ కార్డును మట్టిలో పాతితే తులసి మొక్క మొలుస్తుందట. (నేను పాతాను. మొలవలేదు. తప్పు మా మట్టిది అయి ఉంటుంది.) పత్రికలో రాస్తుంటానన్న ఒకే ఒక్క అర్హత మీద నన్ను న్యాయనిర్ణేతగా పిలిచి మూడో కుర్చీలో కూర్చోబెట్టారు.

నిబంధనలు పదకొండు. వాటిలో పిల్లలకు గట్టిగా చదివి వినిపించినవి మూడు. ఏ సమస్యయినా ఐదు రోజుల్లో పరిష్కారమైపోవాలి. సమస్యకు ఫలానావాళ్లు కారణమని ఎవరి పేరూ చెప్పకూడదు. తొమ్మిదో నిబంధన ప్రకారం న్యాయనిర్ణేతల నిర్ణయమే అంతిమం.

గుంటూరు కార్పొరేట్ స్కూళ్ల పిల్లలు యాభై తొమ్మిది మంది వచ్చారు. అరవయ్యో సీటు 'గ్రామీణ ప్రతినిధి'ది. అందులో దర్శి వైపు పల్లె నుంచి, జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివే శ్రీరమ్య వచ్చింది. మిగతావాళ్లు లాప్‌టాప్‌లతో దిగారు. ఈ పిల్ల గోనెపట్టా చుట్టిన ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాతో దిగింది.

అది పురుగుమందు డబ్బా. మిరపతోటకు మందు కొట్టగా ఖాళీ అయింది. మీద పుర్రె బొమ్మ, ప్రాణాంతక విషమని చెప్పే ఎర్ర త్రికోణం, 'ఖాళీ డబ్బాను పగలగొట్టి పూడ్చిపెట్టవలెను' అని చీమ తలకాయంత అక్షరాలు. శ్రీరమ్య నాయనమ్మ బసవమ్మ దాన్ని కడిగి, గోనెపట్టా చుట్టి తడిపి, మూడేళ్లుగా అందులోనే పొలానికి మంచినీళ్లు మోస్తోంది. నీళ్లు చల్లగా ఉంటాయి. కాయ కోతకు వచ్చిన ఆడవాళ్లంతా అవే తాగుతారు. మొన్న కోతల్లో ముగ్గురు వాంతులతో పడిపోతే వడదెబ్బ అన్నారు. (ఫిబ్రవరిలో. మన దగ్గర అన్నీ ముందే వస్తాయి.)

మనవరాలు ఎంత చెప్పినా బసవమ్మ వినలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది. "నువ్వు చెప్తే నేను వినేదేందే. మీ క్యాంపులో పెద్ద సదువులోళ్లు ఉంటారుగా. వాళ్లు వద్దంటే ఆ రోజే పగలగొట్టి పూడుస్తా." ఆ ఒక్క మాట పట్టుకుని శ్రీరమ్య మూడు బస్సులు మారి వచ్చింది.

నమోదు బల్ల దగ్గర శిక్షకురాలు ఆరాధన ట్యాబులో ఫారం తెరిచింది. తెచ్చిన వస్తువు ఏమిటన్న ప్రశ్నకు మూడే గడులు: మొక్క, గుడ్డ సంచి, పునర్వినియోగ వస్తువు.

"ఇది వాడకూడని డబ్బా మేడం. వాడుతున్నారని చూపిద్దామని తెచ్చాను."

"వాడుతున్నారు కదా? అయితే మూడోది," అంది ఆరాధన. "గడి నొక్కకపోతే నీకు భోజనం టోకెన్ రాదమ్మా."

గడి నొక్కాక యాప్ మార్పులు ఒప్పుకోదు. ఆ క్షణం నుంచి శ్రీరమ్య విషం గురించి ఫిర్యాదు చెయ్యడానికి వచ్చిన పిల్ల కాదు, ప్లాస్టిక్కును వృథా కానివ్వని కుటుంబానికి చెందిన పిల్ల.

నాలుగో రోజు మా ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. శ్యామ్ సుందర్ గారు కళ్లు మూసుకుని విన్నారు. "ఒక్క డబ్బా, మూడేళ్లు," అన్నారు. "మనం గంటకో సీసా పారేస్తున్నాం." (ఆయన ముందు అప్పటికి నాలుగు సీసాలు ఉన్నాయి.)

పిల్ల డబ్బాలో ఇంటి నుంచి తెచ్చిన నీళ్లు గ్లాసు నిండా వంచి ఆయన ముందు పెట్టింది. "తాగండి సార్."

ఆయన గ్లాసు వైపు చూసి, రెండు చేతులూ జోడించారు. "ఇవి శ్రమజీవుల నీళ్లమ్మా. వీటిని తాగే అర్హత నాకు లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పదికి తొమ్మిది వేశాను. వాసనకు ఒకటి తగ్గించాను.

ముగింపు సభకు బసవమ్మను కారు పంపించి పిలిపించారు. శాలువ కప్పి 'హరిత మాతృమూర్తి' అన్నారు. మైకు ఇస్తే ఆమె తడబడకుండా మాట్లాడింది. "మా మనవరాలు వద్దంటదండి. నేను మూడుసార్లు ఇసకేసి మరీ కడుగుతా. మీరు మంచిదంటే ఇంక దీనికి చెప్పుకోనక్కర్లా." ఇదే మన పల్లె విజ్ఞానమని శ్యామ్ సుందర్ గారు సభకు వివరించారు. తర్వాత ఆరాధన శిబిరం స్టిక్కర్ తెచ్చింది. చుట్టూ గోనెపట్టా ఉండడంతో డబ్బాకు అంటించే చోటు ఒక్కటే కనిపించింది. పచ్చటి ఆకు బొమ్మ ఎర్ర త్రికోణం మీద సరిగ్గా సరిపోయింది. ఫొటోలో శ్రీరమ్య ఒక్కతే నవ్వలేదు. బిడియం అని నివేదికలో రాశారు.

పది రోజులకు ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. ఉపాధి హామీ పనికి కూడా నాయనమ్మ ఆ డబ్బాలోనే నీళ్లు తెస్తోందట. తను స్టిక్కర్ పీకేస్తే, అన్నం మెతుకులు రాసి మళ్లీ అంటించిందట. పనిలోకి వచ్చే మిగతా ఆడవాళ్లు కూడా వెతికి వెతికి అలాంటి డబ్బాలే తెచ్చుకుంటున్నారట.

"సార్, మీరు జడ్జి కదా. మీ మాటయితే వింటది. ఫోన్ ఇస్తాను, వద్దని ఒక్క మాట చెప్పండి సార్."

వెనక బసవమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. ఒక్క మాట చెబితే అయిపోయేది. కానీ పేపర్లో ఫొటో వచ్చేసింది, అందులో నేనూ ఉన్నాను. న్యాయనిర్ణేతల నిర్ణయమే అంతిమమని తొమ్మిదో నిబంధనలో ఉందమ్మా, దాన్ని మార్చే అధికారం నాకు కూడా లేదని నచ్చజెప్పాను. "సరే సార్," అంది ఆ పిల్ల.

నిన్న శిబిరం వార్షిక నివేదిక అందింది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. పదిహేడో పేజీలో బసవమ్మ డబ్బా ఎత్తి నీళ్లు పోస్తోంది, ఎవరివో దోసిళ్లు పట్టి ఉన్నాయి. కింద ఇలా రాశారు: 'ప్రస్తుతం ఈ నీళ్లు తాగుతున్నవారు నలభై రెండు మంది. వచ్చే ఏడాది లక్ష్యం నాలుగు వందలు.'