డబల్‌చెక్కుగారి తాళసంగ్రామం

సకలచరాచర జగత్తునూ నిద్రామోహం నుండి ఉద్ధరించే సహస్రకిరణుడు, మేడలమీది నీళ్ళట్యాంకుల వెనుకనుండి మెల్లగా ఎగబాకి, గుమ్మాల్లో పడి ఉన్న పాలప్యాకెట్లపైనా, మెట్లకింద ముడుచుకున్న కుక్కపైనా, ఇంకా మూతపడే ఉన్న టీకొట్టుపైనా సమదృష్టితో స్వర్ణమయూఖాలను వర్షిస్తున్న ఆ ప్రభాతవేళ, మొదటి అంతస్తులోని ఒక గోధుమరంగు తలుపు ముందర, విన్నవారి వెన్నులో వణుకు పుట్టించే మహాసంగ్రామానికి బీజం పడింది. ఆ తలుపుకు ఒక తాళంకప్ప ఉంది.

ఆ గృహాధిపతి సామాన్యుడు కాడు. పర్యాయపదారణ్య పంచాననుడు, శబ్దార్థసాగర మథనదక్షుడు, ఒక నిఘంటు కార్యాలయంలో కిటికీ పక్క బల్లకు ఏకచ్ఛత్రాధిపతి. ఆ వారమంతా అతడు ‘నమ్మకం’ అనే ఒక్క మాట మీదే కూర్చున్నాడు. వైద్యుడి హస్తవాసి మీద ఉండేది గురి అని, నెల జీతం మీద ఉండేది భరోసా అని, తనమీద తనకుండేది ధీమా అని, అన్నం పెట్టిన చేతిపట్ల ఉండేది విశ్వాసమని, వీటి మధ్య వెంట్రుకవాసి భేదాలను సోదాహరణంగా వివరించి, అచ్చుకు పంపి, వెనక్కి తెప్పించుకుని, మళ్ళీ చూసి, మళ్ళీ పంపాడు. తోటి ఉద్యోగులు అతణ్ణి డబల్‌చెక్కుగారు అని పిలవడం ఇందుకే. ఇన్ని మాటలు కరతలామలకమైన ఆ మహానుభావుడికి, భార్య వేసిన తాళం మీద మాత్రం అందులో ఒక్కటీ లేదు.

ఆమె బట్టలు కుట్టే మనిషి. కత్తెర పట్టిందంటే గుడ్డ గీత తప్పదు. అంతటి ఆమె తాళం వేసి మెట్లు దిగి, ఇద్దరూ వీధిమలుపు చేరేసరికి, సంశయపిశాచగ్రస్తుడైన ఆ వీరుడు గిరుక్కున వెనుదిరిగేవాడు. మెట్లెక్కి, ఆ కప్పను ముందు పిడికిట పట్టి బలంగా నొక్కేవాడు. అది ‘టక్’ మనేది. తన భుజబలానికి ఆ లోహఖండం చేసే వందనం అదేనని అతడి అభిప్రాయం. ఆపైన లాగి, గుంజి, వేలాడి, సంతృప్తుడై దిగివచ్చేవాడు.

నిరుడు ఈ లాగుడు మూలంగానే బస్సు తప్పింది. ఆమె అక్క కూతురు తొలిసారి వేదికెక్కి పాడుతుంటే ముందువరసలో పిన్నికీ బాబాయికీ వేసిన కుర్చీలు ఖాళీగా మిగిలాయి. ఈ సాయంత్రం ఆ పిల్ల మళ్ళీ పాడుతోంది. సమయానికి ఆ దూరపు ఊరు చేర్చే బస్సు ఈ పొద్దుటిది ఒక్కటే.

ఆ ఉదయం మెట్లు దిగి గేటు దగ్గరకు రాగానే ఆమె ఆగింది.

“ముందే చెప్తున్నా. ఈసారి మీరు వెనక్కి వెళ్తే నేను ఆగను, బస్సెక్కి పోతా. రేపట్నుంచి ఆ తాళం మీరే వేసుకోండి, మీరే తీసుకోండి.”

“జాగ్రత్త కోసమే కదే,” అన్నాడు డబల్‌చెక్కుగారు.

“ఏం జాగ్రత్త? నేను స్టవ్ కట్టేస్తే మళ్ళీ మీరు చూస్తారు. కొళాయి కట్టేస్తే మళ్ళీ తిప్పుతారు. ఈ ఇంట్లో నేను చేసిన పని ఏదీ అయిపోయినట్టే ఉండదు నాకు. మీరొచ్చి ముట్టుకుంటేనే అయినట్టు.”

గొంతు పెంచకుండా అంది. కోప్పడి ఉంటే అతడు ఏదో ఒకటి బదులు చెప్పేవాడే. ఇప్పుడు నిజంగా సిగ్గేసింది. “సరే, వెనక్కి వెళ్ళను,” అన్నాడు.

ఆ విధంగా మాట ఇచ్చి బయలుదేరిన ఆ వీరాగ్రేసరుడికి, వీధిమలుపు రణరంగమై ఎదురైంది. అనుమానం చతురంగబలాలతో ముట్టడించింది. కప్ప సరిగా పడలేదేమోనన్న శంక ఏనుగై తొండమెత్తింది. గాలికి తలుపు తెరుచుకుని, కుక్క తన పుస్తకాల మీద పడుకున్నట్టు ఒక దృశ్యం గుర్రమై కళ్ళముందు దౌడు తీసింది. కుడిపాదం బస్టాపు వైపు సాగుతుండగా ఎడమపాదం ఇంటివైపు తిరిగింది. అంతట ఆ ధీరుడు దానిని ఉద్దేశించి మనసులోనే ఇట్లు గర్జించాడు: “ఓరీ కులద్రోహీ, వామపాదమా, ఇన్నాళ్ళు నా దేహభారాన్ని మోసి నేడు పరపక్షంలో చేరితివా? ప్రళయకాల ఝంఝామారుతం వీచినా, ఆ తలుపు తనకు తానే నడిచి వీధిలోకి వచ్చినా, నేను వెనుదిరుగను. సాగుము.”

“ఏంటి, నిలబడిపోయారు?” అంది ఆమె.

“చెప్పులో రాయి,” అన్నాడు.

చెమటలు కక్కుతూ మలుపు దాటాడు. బస్టాపు చేరాడు. దూరాన ధూమధ్వజాన్ని ఎగరేసుకుంటూ బస్సు కనబడింది. జీవితంలో తొలిసారి తాళం లాగకుండా ఇంత దూరం వచ్చిన ఆ విజేత ఛాతీ విరుచుకుని భార్యవైపు చూశాడు. ఆమె ముఖం పాలిపోయి ఉంది.

“ఏమండీ,” అంది నెమ్మదిగా, “నేను కప్ప నొక్కలేదు.”

“అంటే?”

“తగిలించి వదిలేశా. అలవాటులో. అది బిగుసుకుపోయి చాలా కాలమైంది, కత్తెర పట్టిన చేత్తో నొక్కితే ప్రాణం పోతుంది. ఎలాగూ మీరు వెనక్కెళ్ళి నొక్కుతారు కదా అని, మీ మీద భరోసాతో వదిలేస్తుంటా.”

డబల్‌చెక్కుగారికి ఆ ‘టక్’ ఎవరిదో అప్పుడు తెలిసింది. ఇంతకాలం తాళం వేస్తున్నది తానే. “చూశావా, నేను చెప్పలా” అనే దివ్యాస్త్రం, దానంతటదే అమ్ములపొది నుండి లేచి నాలుక చివర నిలిచింది. భర్తలెవరూ దాన్ని వృథా పోనిచ్చిన దాఖలా లేదు. అతడు దాన్ని లోపలికి తోసేశాడు.

“నేను వెళ్తా,” అన్నాడు.

“వద్దు. నేనే వేసొస్తా. మీరు బస్సు ఆపండి.”

ఆమె కొంగు దోపుకుని పరుగందుకుంది. అతడు బస్సు మెట్టుపై ఒక కాలు, నేలపై ఒక కాలు మోపి, శత్రుదుర్గ ద్వారాన్ని తొక్కిపట్టిన సేనానిలా నిలిచాడు. లోపలినుండి ప్రయాణికుల శాపాలు శరపరంపరలై వచ్చాయి.

“సార్, ఎక్కుతారా, దిగుతారా?” అన్నాడు కండక్టరు.

“మా ఆవిడ వస్తోంది.”

“వస్తుందని ఏంటి నమ్మకం?”

గురి, ధీమా, భరోసా, విశ్వాసం, అన్నీ ఒక్కసారిగా గొంతులోకి తోసుకువచ్చి ఒకదాన్నొకటి అడ్డుకున్నాయి. నిఘంటుకారుడికి ఒక్కటీ బయటికి రాలేదు.

“వస్తుంది,” అన్నాడు.

కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకున్నంతలో మలుపు తిరిగి ఆమె వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. బస్సు కదిలింది. ఆమె రొప్పుతూ కిటికీ పక్కన కూర్చుంది.

అసలు యుద్ధం అప్పుడు మొదలైంది. ‘తాళం పడిందా?’ అనే ప్రశ్న పాతాళంలోంచి లేచిన కాలసర్పంలా ఉదరం నుండి ఉరస్సుకు, ఉరస్సు నుండి కంఠానికి పాకింది. ఆమె కిటికీలోంచి చూస్తూనే, అది ఎప్పుడు బయటికి వస్తుందా అని కాచుకుని ఉంది. అతడు పళ్ళు బిగించాడు. కళ్ళు మూశాడు. గుటక వేశాడు. సర్పం లోపలికి పోయింది.

“అడగరేంటి?” అంది చివరికి.

“నువ్వు వెళ్ళొచ్చావుగా.”

ఆమె అతడివైపు తిరిగింది. తర్వాత కుడి అరచెయ్యి తెరిచి అతడి ఒళ్ళో పెట్టింది. కప్ప అంచు ఒత్తుకుని ఎర్రగా కందిపోయింది. అతడు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని నిమురుతూ కూర్చున్నాడు.

ఆ ఎరుపే సాక్ష్యం, ఇంక అడగడానికేముందని గిట్టనివారు అనవచ్చు. గుటక ముందు పడింది, చెయ్యి తరువాత తెరుచుకుంది; మేము చూశాము. కనుక దిగ్దంతులు వినుగాక, అష్టదిక్పాలకులు తలలూపుగాక: సంశయాసురమర్దనుడు, స్వనాలుకావిజేత, మహావీర డబల్‌చెక్కుగారు ఊరు దాటినా, వంతెన దాటినా, బస్సు దిగినా, ఆ పిల్ల పాట పూర్తిచేసి ముందువరసకేసి చూసి నవ్వినా, తాళం సంగతి అడగలేదు.