ఏడో నంబరు కథ

ఆటో పెనుగొలను రోడ్డు ఎక్కేసరికి జయకర్ మనసులో తన అరెస్టు దాకా రాసేసుకున్నాడు. మొదటి పేజీలో పత్తిచేను. రెండో పేజీలో పురుగుమందు డబ్బా. మూడో పేజీలో పోలీసులు, వాళ్ల చేతిలో తను సంతకం చేసిన సమీక్ష. నాలుగో పేజీ గురించి ఆలోచించే ధైర్యం లేకపోయింది.

"కొంచెం తొందరగా పోనీ ఏసోబూ," అన్నాడు.

"ఇంతకన్నా తొందరగా పోతే మనక్కూడా అంబులెన్సు కావాలి సార్," అన్నాడు ఆటో తోలుతున్న ఏసోబు.

పక్కన రాయప్ప కూర్చున్నాడు. ఆయన రిటైరైన లైబ్రేరియన్, తిరువూరు పాఠక మిత్రమండలి కార్యదర్శి. ఆయన చొక్కా జేబులో అంటించిన కవరు ఒకటి ఉంది. దాని మీద ఏడో నంబరు వేసి ఉంది. రైతు వెంకటప్పయ్య ప్రాణం ఆ కవరులో ఉందని జయకర్ నమ్మకం.

"ఒక్కసారి చించి చూద్దాం రాయప్పగారూ. ఆ కథ ఆయనది కాకపోతే వెనక్కి పోవచ్చు."

"రేపు ఆదివారం పది గంటలకి. నియమం నియమమే."

"మనిషి ప్రాణం పోతుంటేనా?"

"పోయినా రేపే నాయనా. సంతాపం కూడా అప్పుడే పెట్టుకుందాం."

జయకర్ తన పుస్తకాలు తనే అచ్చువేసుకునే రచయిత. పంతొమ్మిదేళ్లలో నాలుగు వందల పైచిలుకు థ్రిల్లర్ కథలు రాశాడు, పదకొండు సంపుటాలు తెచ్చాడు. వాటిలో సగం ఇంకా మంచం కిందే ఉన్నాయి. స్కూలు టీచరైన అతని భార్య రూత్ రోజూ పొద్దున్నే ఆ కట్టలు బయటికి లాగి, ఊడ్చి, మళ్లీ లోపలికి తోస్తుంది. ఎనిమిది నెలలుగా అతనికి కొత్త కథ ఒక్కటీ రాలేదు. పోస్టులో వచ్చేవన్నీ ఎవరెవరో సమీక్ష కోసం పంపే పుస్తకాలు. వాటిని చదవడానికి అతనికో పద్ధతి ఉంది. మొదటి పేజీ, చివరి పేజీ, నడుమ ఒక పేజీ. మిగతాది అనుభవం.

మిత్రమండలికీ ఒక పద్ధతి ఉంది. మూడేళ్ల కిందట ఇద్దరు సభ్యులు ఏడాది పొడుగునా ఒకరినొకరు పొగుడుకున్నారు. మూడో ఆయన మారుపేరు పెట్టుకుని తనను తనే పొగుడుకుంటూ దొరికిపోయాడు. ఆయన పేరు సభ్యుల జాబితాలోంచి కొట్టేసిన రోజునే రాయప్ప ఈ నియమం పెట్టాడు. కథ రాసినవాళ్ల పేరు లేకుండా, ఒక నంబరుతో పెట్టెలో పడాలి. రచయిత పేరు విడిగా, అదే నంబరు వేసి అంటించిన కవరులో ఉండాలి. సమీక్ష ఎవరు రాయాలన్నది చీటీలు తీసి తేల్చాలి. సమీక్ష చదివిన వారానికి గానీ కవరు చించకూడదు.

ఈసారి ఏడో నంబరు కథకి జయకర్ చీటీ వచ్చింది. టైపు చేయించిన పదమూడు పేజీల్లో అతను మూడు చదివాడు. పోయిన ఆదివారం నలభై మంది ముందు నిలబడి తీర్పు వినిపించాడు. మొదటి పేజీలో ఏమీ జరగదు, చివరి పేజీలో అది కూడా జరగదు, నడుమ ఒక అమ్మాయి తన బస్సు వెళ్లిపోయాక కూడా బస్టాపులోనే నిలబడి ఉంటుంది అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వుకి ఊపొచ్చి, కాగితంలో లేని రెండు మాటలు కూడా కలిపాడు. ఇది రాసినవాడు ఎవరినీ ప్రేమించి ఉండడు, ప్రేమించినా ఆమె ఇతన్ని ప్రేమించి ఉండదు. ఇక రాయకుండా ఉండటమే ఇతను సాహిత్యానికి చేయగల మేలు.

సరిగ్గా ఆ మాట దగ్గరే పెనుగొలను రైతు వెంకటప్పయ్య లేచి, ఎవరితోనూ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆరేళ్లుగా ఒకే కథ రాస్తున్నానని చెప్పుకునే మనిషి ఆయన. ఇంటికొచ్చాక జయకర్ ఆ నవ్వుల సంగతి రూత్‌కి చెప్పాడు. ఆమె కాసేపు అతని ముఖం చూసి, "ఆ రాసినాయన పాపం ఎవరో," అని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత వారమంతా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. అతను పట్టించుకోలేదు. అతని ధ్యాసంతా వెంకటప్పయ్య మీదే ఉంది. మంగళవారం నుంచి ఆయన ఫోన్ పలకడం లేదు.

ఈ శనివారం పొద్దున జయకర్ వేసుకున్న పథకం చిన్నదే. భోజనాల వేళకి మూడు పుస్తకాలు సమీక్షించెయ్యాలి. పెన్నులో రీఫిల్లు కోసం బజారుకి వెళితే, పురుగుమందుల కొట్టతను పలకరించి, మీ వెంకటప్పయ్యగారు ఇందాకే వచ్చి లీటరు డబ్బా పట్టుకుపోయారని చెప్పాడు. ముఖం ఎలా ఉందని జయకర్ అడిగాడు. ఏమీ బాగాలేదన్నాడు కొట్టతను.

జయకర్ రీఫిల్లు మర్చిపోయాడు. వెంటనే వెంకటప్పయ్య భార్య వెంకాయమ్మకి ఫోన్ చేశాడు. ఆమెను కంగారు పెట్టకూడదని ఎంతో జాగ్రత్తగా మాట్లాడాడు.

"చెల్లెమ్మా, ఆయన మనసు ఈమధ్య ఎలా ఉంటోంది?"

"నాతో మాట్టాడి మూడ్రోజులైంది అన్నయ్యగారూ. పొద్దున అన్నం కూడా తినకుండా చేలోకి పోయాడు. ఏం?"

"ఏం లేదమ్మా. చేలో ఆయన పక్కన ఎవరైనా ఉంటే మంచిది. నువ్వు మాత్రం ధైర్యంగా ఉండు."

ధైర్యంగా ఉండమని విన్న మరుక్షణం వెంకాయమ్మ కేక పెట్టింది. ఆ కేక విని ఆమె మరిది పరుగెత్తాడు. అతని వెనక వీధి పరుగెత్తింది. వీధిలో ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేశారు. జయకర్ రాయప్పను ఇంట్లోంచి లాక్కొచ్చి ఏసోబు ఆటో ఎక్కించాడు.

దారిలో రూత్ స్కూలు నుంచి ఫోన్ చేసింది. ఊళ్లో వార్త స్టాఫ్ రూమ్ దాకా పాకిందన్నమాట. మనిషిని చంపాక ఇంట్లో తిట్లు కూడా తినే ఓపిక లేక జయకర్ కట్ చేశాడు. ఆమె మళ్లీ చేసింది. మళ్లీ కట్ చేశాడు. అలా అయిదుసార్లయింది.

గంపలగూడెం వైపు మలుపు దగ్గర అతనికో ఆలోచన తట్టింది. వెంకటప్పయ్య ఏ గట్టు మీద కూర్చుని ఉన్నా, ఆయన ఫోన్ పనిచేయకపోయినా, పక్కనున్న ఎవరి ఫోన్‌లోనైనా చదవొచ్చు. వెంటనే మిత్రమండలి వాట్సాప్ గ్రూపులో రాశాడు. పోయిన ఆదివారం తను చదివిన సమీక్ష పచ్చి తప్పని ఒప్పుకున్నాడు. ఏడో నంబరు కథ అంత గొప్ప కథ ఈ పదేళ్లలో తను చదవలేదన్నాడు. బస్సు వెళ్లిపోయినా కదలని ఆ అమ్మాయిని తలుచుకుంటే కన్నీళ్లు ఆగడం లేదన్నాడు. ఇలాంటి రచయిత మన జిల్లాకే గర్వకారణమని, ఆ చేతికి నమస్కరిస్తున్నానని ముగించి, కింద పేరు పెట్టాడు.

నిమిషంలో గ్రూపు నిండా దండాలు మొలిచాయి. ఒకరు రేపే సన్మానం చేద్దామన్నారు. ఇంకొకరు శాలువా తనదన్నారు. మూడో ఆయన బ్యానరుకి ఆర్డరిస్తాను, పేరు చెప్పండన్నారు.

"పేరు రేపు పది గంటలకి," అని ఆటో కుదుపుల్లోనే టైపు చేశాడు రాయప్ప.

రూత్ ఆరోసారి చేసింది. జయకర్ ఆరోసారి కట్ చేశాడు.

చేను దగ్గర అంబులెన్సు ఆగి ఉంది. గట్టు నిండా జనం. జయకర్ ఆటో దిగి అక్కడే నిలబడిపోయాడు. ఏసోబు అతని రెక్క పట్టుకుని జనాన్ని తోసుకుంటూ ముందుకి నడిపించాడు.

మధ్యలో వెంకటప్పయ్య నిలబడి ఉన్నాడు. వీపున స్ప్రేయరు ట్యాంకు, ముక్కుకి తుండుగుడ్డ, గుడ్డ పైన రెండు కోపపు కళ్లు. అంబులెన్సులో వచ్చినవాళ్లు ఆయన నాడి చూస్తామంటున్నారు. ఆయన చెయ్యి ఇవ్వనంటున్నాడు. వెంకాయమ్మ గట్టు మీద కూర్చుని ఏడుస్తోంది.

జయకర్ వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. తనను క్షమించమని, ఆ కథ మహా గొప్పదని, ఇంకో యాభై కథలు రాయమని బతిమాలాడు.

"నేను కథ పూర్తి చేశానా? ఎప్పుడండీ?" అన్నాడు వెంకటప్పయ్య.

ఆదివారం ఆయన మధ్యలో లేచి వెళ్లింది కరెంటు కోసం. మోటారుకి కరెంటిచ్చే వేళ అదే. మంగళవారం ఫోన్ కాలవలో పడింది. బియ్యంలో పెట్టి ఆరబెట్టమంటే వెంకాయమ్మ తవుడు బస్తాలో పెట్టింది. అందుకని ఆయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. డబ్బా పత్తికి పట్టిన తెల్లదోమకి. ముఖం బాగా లేకపోవడానికి కూడా ఆ తెల్లదోమే కారణం.

జయకర్ గట్టు మీద కూలబడ్డాడు. తను ఎవరినీ చంపలేదు. వారం రోజుల తర్వాత మొదటిసారి నిండుగా ఊపిరి తీశాడు. వెంకటప్పయ్య మాత్రం అక్కడితో వదల్లేదు.

"బంగారం లాంటి పూట పోయింది. ఊరంతా చేలో దిగి మొక్కలు తొక్కేశారు. ఇంత చేసిన కథ ఎవరిదో నాకిప్పుడే తెలియాలి."

"రేపు పది గంటలకి," అన్నాడు రాయప్ప.

వెంకటప్పయ్య స్ప్రేయరు గొట్టం మెల్లగా ఆయన చొక్కా జేబు వైపు తిప్పాడు. రాయప్ప కాసేపు ఆలోచించి, ప్రత్యేక పరిస్థితుల్లో కార్యదర్శికి విచక్షణాధికారం ఉంటుందని అందరికీ తెలియజేసి, కవరు చించాడు. చీటీ మడత విప్పుతుండగానే జయకర్‌కి ఆ చేతిరాత కనిపించింది. రోజూ పొద్దున్నే సరుకుల జాబితాలో చూసే చేతిరాత.

రాయప్ప కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు. "ఇది పంతొమ్మిదేళ్ల కిందట గంపలగూడెం బస్టాపులో ఉత్తరానికి బదులు నాకు రాసిచ్చిన కథ. ఇన్నాళ్లూ నా పెట్టెలోనే ఉంది. టైపు చేయించి, ఆయనకి చెప్పకుండా పంపుతున్నాను. మొహమాటం లేనివాళ్లు ఎవరైనా బాగుందంటే ఆయన మళ్లీ రాస్తారని ఆశ. ఇట్లు, రూత్."

కింద ఇంకో వరుస ఉంది. రాయప్ప అక్కడ ఆగిపోయాడు. ఒకసారి జయకర్ని చూశాడు. ఒకసారి తన ఫోన్‌లో, ఆ చేతికి నమస్కరిస్తున్న సందేశాన్ని చూశాడు.

"రాసిందెవరండీ?" అన్నాడు వెంకటప్పయ్య.

"జయకర్," అన్నాడు రాయప్ప.

ఫోన్ ఏడోసారి మోగింది. జయకర్ ఈసారి కట్ చేయలేదు, ఎత్తనూ లేదు.