ఏ ముడి వేసినా సంస్థదే

ఒక పెద్ద అడవిలో, ఏటి ఒడ్డున, అంతకన్నా పెద్ద పేరున్న కంపెనీ ఒకటి ఉండేది. అఖిలాటవీ అల్లికల సంస్థ. తేనెపట్లు దించే వలలు, కోతులకు ఉయ్యాలలు, సింహం గారి నడినెత్తికి ఎండ తగలకుండా పందిళ్ళు, ఎవరికి ఏది కావాలన్నా అక్కడే అల్లించుకోవాలి. అల్లేవాళ్ళందరూ గిజిగాళ్ళు. అల్లించేవాళ్ళలో ఒక్కరికీ ముడి వేయడం రాదు.

సింహాచలం అందులో కొత్తగా చేరిన గిజిగాడు. పేరు విని పెద్ద శాల్తీ అనుకునేరు, వానలో తడిస్తే గుప్పెడు కూడా ఉండడు. మబ్బు కనిపిస్తే చాలు, దాని అంచు ఏ పోచతో అల్లారో, ముడి ఎక్కడ దాచారో అని నోరు తెరుచుకుని చూస్తూ కూర్చునే రకం.

చేరిన రోజున పక్షి వనరుల అధికారి కొంగ శాంతమ్మ గారు ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు సగం మూసుకుని, తాటాకు ఒప్పందం ముందుకు జరిపింది.

"పూర్తిగా చదువుకో నాయనా, తొందరేం లేదు" అంటూనే పక్కన పాలజొన్న కంకి ఒకటి పెట్టింది. "ఇక్కడ కంకులు ఉచితం. ఎన్ని తిన్నా అడిగేవాళ్ళు లేరు."

ఆ పాలకంకి వాసనకి సింహాచలానికి లోకం తిరిగిపోయింది. కంకి తింటూనే కాలిముద్ర వేసేశాడు. తాటాకుకి రెండోవైపు కూడా ఉంటుందని వాడికి తట్టలేదు.

వాడి మీద జట్టు నాయకుడు తొండ తలుపులయ్య. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పోచ కూడా చీల్చి ఎరగడు. పెద్దాయన ఎలుగుబంటి భల్లూకరావు గారు ఏమన్నా తల పైకీ కిందకీ ఊపడం ఒక్కటే అతని పని. ఆయన ఏమీ అనకపోయినా ఊపేవాడు, ముందుజాగ్రత్తగా.

మొదటిరోజే తలుపులయ్య వాడి కాలికి జిగురుతో ఒక మిణుగురుని అంటించాడు.

"ఇదేంటి సార్?"

"కొత్త సాంకేతికత. నువ్వు వేసే ప్రతి ముడినీ లెక్కపెడుతుంది. నిఘా అనుకోకు. నీ ఎదుగుదలకి దీపం."

పట్టపగలు మిణుగురు వెలుగుతోందో, నిద్రపోతోందో ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలీదు. ఆ తెలీకపోవడంలోనే ఉంది దాని సత్తా. వెలుగుతోందేమోనన్న భయంతో గిజిగాళ్ళందరూ తల ఎత్తకుండా అల్లుతూ ఉండేవాళ్ళు.

"నిన్న నాలుగొందల ముళ్ళు. ఇవాళ మూడొందల అరవై. ఏం సింహాచలం, ఒంట్లో బాలేదా?"

"ఈ ఉయ్యాలకి అన్ని ముళ్ళు అక్కర్లేదు సార్."

"ఉయ్యాలకి అక్కర్లేదయ్యా. నాకు కావాలి."

అప్పటినుంచి సింహాచలం కూడా అందరిలాగే ముడి మీద ముడి వేయడం నేర్చుకున్నాడు. ఉయ్యాలలు బిగుసుకుని కర్రల్లా తయారయ్యాయి. కోతులు ఎక్కి ఎంత కిందామీదా పడ్డా ఊగేవి కావు. కోతులు వచ్చి గోల చేస్తే, "స్థిరత్వం పెంచాం, అభినందనలు" అని సంస్థ జవాబిచ్చింది.

ఇలా ఉండగా వాడి బతుకులోకి పైడమ్మ వచ్చింది.

ఏటి అవతలి ఈతచెట్టు మీద వాలి, ముక్కుతో రెక్క దువ్వుకుంటోంది. అంతే. సింహాచలానికి ఆ రోజు మబ్బులు కనపడలేదు.

గిజిగాళ్ళలో ఒక ఆచారం ఉంది. మగవాడు గూడు సగం అల్లి, దాన్ని పట్టుకుని వేలాడుతూ, రెక్కలు కొట్టి పాడాలి. ఆడపిట్ట వచ్చి లాగి చూస్తుంది, తన్ని చూస్తుంది, లోపల దూరి చూస్తుంది. నచ్చితే ఉంటుంది. నచ్చకపోతే ఎగిరిపోతుంది, మగవాడు మళ్ళీ మొదటినుంచి అల్లుకోవాలి. జాతకాలు లేవు, మధ్యవర్తులు లేరు. గూడే మాట్లాడాలి.

సింహాచలం సెలవు పెట్టి మరీ ఒక గూడు అల్లి, దానికి వేలాడుతూ పాట ఎత్తుకున్నాడు. పైడమ్మ వచ్చింది. ఒకసారి లాగింది.

"ఇదేంటయ్యా, గూడా, గుదిబండా? ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. ఎవరిమీద కోపం?"

"అలవాటైపోయిందండీ. ఆఫీసులో ముళ్ళు లెక్కపెడతారు."

"అంటే నీ ముక్కు నీ మాట వినడం మానేసిందన్నమాట." ఆమె ఎగరబోయి, ఒక్క క్షణం ఆగింది. "పాట మాత్రం బాగుంది. వానలు ముదిరేలోపు ఇంకోటి అల్లు. ఒక్క ముడైనా నీదనిపించేది వెయ్యి."

ఆ చివరి మాట వాడి రెక్కల కింద వెచ్చగా ఉండిపోయింది.

ఎనిమిది పొద్దులు. తెల్లవారగానే, పని మొదలయ్యేలోపు, సింహాచలం ఏటి మీదికి వాలిన ఈతకొమ్మకి వేలాడుతూ అల్లాడు. పోచ వేసి ఆగేవాడు, ఇక్కడ ముడి కావాలా అని తనని తాను అడిగేవాడు. అక్కర్లేదంటే వదిలేసేవాడు. వదిలేసిన ప్రతిసారీ వాడికి లోపల ఏదో బరువు దిగినట్టుండేది. తొమ్మిదోరోజు పైడమ్మ వచ్చింది. లాగింది. తన్నింది. లోపలికి దూరింది. ఎంతకీ బయటికి రాదే! సింహాచలం ప్రాణం కాస్తా కొమ్మ చివర వేలాడుతోంది.

చివరికి తల ఒక్కటే బయటపెట్టింది. "లోపల గాలి ఆడుతోంది" అంది. మళ్ళీ లోపలికెళ్ళి సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఇంకేముంది! ఒప్పుకున్నాక ఊరంతా వినేలా పాడటం కూడా ఆచారమే. తెలివైనవాడైతే ఆఫీసుకి దూరంగా వెళ్ళి పాడేవాడు. మనవాడు ఏడు కొండలకీ వినపడేలా పాడాడు. నేనే అల్లాను, నా గూడు నేనే అల్లాను అని పాడాడు. ఏటికి ఇవతల, నీళ్ళల్లో నిలబడిన శాంతమ్మ గారు రెండు కళ్ళూ పూర్తిగా తెరిచింది.

మధ్యాహ్నానికల్లా ఆవిడా, తలుపులయ్యా చెట్టు కిందకి వచ్చేశారు. తాటాకు రెండోవైపు తిప్పి చదివారు.

"సిబ్బంది ఎక్కడ, ఎప్పుడు, ఎవరికోసం ఏ ముడి వేసినా అది సంస్థదే. ఆ ముడితో కట్టిన గూడు, గూటిలో ఉన్నవి, ఇకపై రాబోయేవి, అన్నీ సంస్థవే."

"నా సొంత పొద్దులో అల్లుకున్నాను కదమ్మా!" అన్నాడు సింహాచలం.

"పొద్దు నీదే నాయనా. ముక్కు మాది" అంది శాంతమ్మ ప్రేమగా.

తలుపులయ్య తల ఊపుతూ గూటికి లక్క ముద్ర కొట్టాడు. లోపల పైకప్పుకి ఒక మిణుగురుని వేలాడదీశాడు. ఇకపై గూట్లో పాడాలంటే అనుమతి కావాలట. చుట్టాలొస్తే మూడురోజుల ముందే చెప్పాలట. లోపల ఏం మాట్లాడుకున్నా మిణుగురు విని చెబుతుందట.

"మొగుడూపెళ్ళాలు ఏం మాట్లాడుకుంటే మీకెందుకండీ?" అని పైడమ్మ అడిగింది.

"దాచుకోవాల్సింది లేనప్పుడు భయమెందుకు తల్లీ?"

"మరి మీరు కళ్ళు సగం మూసుకుని నిలబడేది చేపల దగ్గర ఏం దాచుకోవడానికమ్మా?"

శాంతమ్మ ఆ మాట విననట్టు తాటాకు మడిచింది. సింహాచలం తల వేలాడేశాడు. ఇన్ని కలలు కన్న గూడు, ఇప్పుడు దాంట్లో గుసగుసలాడటానికి కూడా లేదు. ఉద్యోగం మానేసినా గూడు రాదు, గూడు వదిలేస్తే పైడమ్మ నిలవదు. అదీ వాడి భయం.

పైడమ్మ మాత్రం తాటాకు వైపే చూస్తోంది.

"అమ్మగారూ, రాబోయేవి అన్నీ అన్నారు. గుడ్లు కూడానా?"

"గుడ్లు కూడా."

"పిల్లలయ్యాక?"

శాంతమ్మకి తన నియమాన్ని సగంలో ఆపడం చేతకాదు. "పిల్లలైనా సరే. నియమం అంటే నియమమే."

"అయితే అది కూడా రాసి ముద్ర వేయండి. రేపు మాట తిరగకుండా."

ఆవిడ ఎంతో సంతోషంగా రాసి ముద్ర వేసింది. అంతటితో ఆగిందా? ఈ ఆలోచన భల్లూకరావు గారికి తెగ నచ్చి, చుట్టుపక్కల ఉన్న మిగతా ఇరవై తొమ్మిది గూళ్ళకీ అదే ముద్ర కొట్టించి, ఒక్కో మిణుగురుని వేలాడదీయించాడు. "ఒక్కరోజులో ముప్ఫై ఇళ్ళు సంపాదించాం, ఖర్చు లక్కే" అని తేనె నాకుతూ మురిసిపోయాడు. తలుపులయ్య మెడ నొప్పి పుట్టేదాకా ఊపాడు.

రెండువారాలు గడిచేసరికి ముప్ఫై గూళ్ళలోనూ గుడ్లు పగిలాయి. గూటికి ముగ్గురు చొప్పున తొంభై నోళ్ళు తెరుచుకున్నాయి.

ఆ నోళ్ళు ముందు చేసిన పని, పైకప్పుకి మెరుస్తూ వేలాడుతున్న మిణుగురులని మింగడం. దగ్గరగా కనిపించిందే తిండి అనుకునే వయసు మరి! పొద్దెక్కేసరికి సంస్థ సాంకేతికత మొత్తం పిల్లల కడుపుల్లో చేరింది. మింగబడని ఒకటి రెండు మిణుగురులు, "మా ఉద్యోగంలో ఇది చెప్పలేదే" అని ఏడుస్తూ పారిపోయాయి.

పైడమ్మ మిగతా తల్లులందరినీ వెంటేసుకుని భల్లూకరావు గారి గుహ ముందు వాలింది.

"సార్, మీ ఆస్తికి ఆకలేస్తోంది."

"ఏ ఆస్తి?"

"తొంభైమంది. పచ్చపురుగులు కావాలి. లేతవి. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా, కన్ను మూసి తెరిచేలోపు ఒకసారి చొప్పున. మేం ముట్టుకుంటే మీ సొత్తు ముట్టుకున్నట్టవుతుంది కదా. నియమం అంటే నియమమే."

భల్లూకరావు ముందు నవ్వాడు. తర్వాత తలుపులయ్యని పురుగులకి పంపాడు. తొండ కదా, తెచ్చిన పది పురుగుల్లో తొమ్మిది దారిలోనే మాయమయ్యాయి, పదోది అతని మూతికి అంటుకుని వచ్చింది. శాంతమ్మ చేపముక్క తెచ్చి పెడితే పిల్లలు ఆవిడ ముక్కునే పట్టుకుని వదల్లేదు. భల్లూకరావు స్వయంగా ఒక గూటిలోకి పంజా దూర్చబోతే మొత్తం కొమ్మే వంగి ఏట్లో మునగబోయింది.

తొంభై గొంతులు కలిసి అరుస్తున్నాయి. అడవిలో చెట్లకి కూడా తలనొప్పి వచ్చేలా ఉంది.

ఈతకొమ్మ మీద సింహాచలం అటూఇటూ గెంతుతున్నాడు. అందరిలోనూ ఒక గొంతు వాడికి తెలుసు. మూడోది, చిన్నది. ఇందాకటినుంచి అది సన్నబడుతోంది.

"పైడీ, నేను వెళ్తా."

"కాసేపు ఆగు."

"నావల్ల కాదే."

పైడమ్మ కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. ఆమె ఇంక ఆపలేదు. సింహాచలం వెళ్ళి లేత పురుగొకటి పట్టుకొచ్చి గూటి మీద వాలాడు.

"ఆగు!" అని తలుపులయ్య అరిచాడు. "సంస్థ ఆస్తి! అనుమతి పత్రం ఏది?"

భల్లూకరావు చెవులు రెండూ మూసుకుని గర్జించాడు. "నీ పత్రం తగలెయ్యా! పెట్టనివ్వరా! ఒరే సింహాచలం, పెట్టు నాయనా, నీకు పుణ్యముంటుంది."

సింహాచలం ఏ వాన మబ్బు అంచునో వెతుక్కునే ఆ చూపుతోనే ఆయన వంక చూశాడు. నోట్లో పురుగుంటే మాట రాదు కాబట్టి దాన్ని కాలి కింద జాగ్రత్తగా అదిమిపెట్టాడు.

"ముందు తాటాకు చించండి సార్. నాదొక్కటే కాదు, అందరివీ."

"పిల్ల అరుస్తోందిరా!"

"వింటున్నాను సార్. నాకే ఎక్కువ వినపడుతోంది. త్వరగా చించండి."

శాంతమ్మ చేతిలోని తాటాకుల కట్ట లాక్కున్నాడు, భల్లూకరావు గారి పంజాకి అది ఎంతసేపు? రెండోవైపు మాత్రమే చించడం కుదరదు కాబట్టి మొత్తం చిరిగింది. ఆ చిరిగిన చప్పుడు ఇంకా ఆగకముందే పురుగు చిన్నదాని గొంతులోకి దిగింది. ముప్ఫైమంది తల్లులూ ఒక్కసారి గాల్లోకి లేచారు. కాసేపటికి అడవికి చెవులు తిరిగొచ్చాయి.

మర్నాడు సంస్థ గోడ మీద ప్రకటన పడింది. "సిబ్బంది సొంత గూటినీ, సొంత స్వేచ్ఛనీ గౌరవించడం మా సంస్థ పుట్టినప్పటినుంచీ పాటిస్తున్న విలువ." కింద శాంతమ్మ గారి కాలిముద్ర. తలుపులయ్య దాని ముందు నిలబడి తల ఊపుతున్నాడు.

సింహాచలం గూట్లో ఇప్పుడు ఎవరూ వినరు. ఏం కావాలన్నా మాట్లాడుకోవచ్చు, ఎంత గట్టిగా కావాలన్నా పాడుకోవచ్చు. కానీ పాడటానికి కూర్చుంటే చాలు, లోపలినుంచి పైడమ్మ గొంతు వినిపిస్తుంది.

"ఏమయ్యా, మబ్బులు చూసింది చాలుగానీ, ఇంకో పురుగు!"

నీతి: పక్కవాడి సొత్తు మీద ముద్ర కొట్టే ముందు, దానికి ఆకలేస్తుందో లేదో కనుక్కోవాలి.