శాలువా కింద పోయిన జాగా

కళను గుర్తించే హక్కు ప్రభుత్వానిది. చేసినవాడికి ఆ హక్కు లేదు. ఏడో తరగతితో బడి మానేసిన నాకు ఈ పాఠం చెప్పినవాడు వ్యర్థకళా విభాగం పర్యవేక్షకుడు గోవర్ధన్. (ఆయన చల్లగా ఉండాలని నేను కోరుకోను.)

రాచర్ల రోడ్డులో మా ఇంటి ముందు నాకు ఒకటింబావు సెంటు ఖాళీ జాగా ఉండేది. ఎప్పటికైనా అక్కడ టీ బంకు పెట్టుకోవాలని ఆశ. ఖాళీగా వదిలితే పక్కవాడి గోడ ముందుకొస్తుంది (మా వైపు గోడలకు కాళ్లుంటాయి). అందుకని హద్దు వెంట ఇంట్లో పాడైన సామానంతా వరసగా పెట్టి, మట్టి పోసి, మొక్కలు నాటాను. పగిలిన కమోడులో పుదీనా, మూత పోయిన కుక్కరులో కరివేపాకు, తిరగని కూలరులో బచ్చలితీగ.

ఒకరోజు గోవర్ధన్ జీపు దిగి, కమోడు ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఏంది సార్ అట్ల చూస్తున్నారు? తీసేయమంటారా?"

"తీసేస్తావా! ఇది సజీవ వ్యర్థ శిల్పం!"

"కాదు సార్, హద్దు."

"నీకు తెలీదులేవయ్యా."

మరుసటి వారం వేదిక వేసి నాకు శాలువా కప్పారు. నా భార్య నాగేంద్రమ్మ మురిసిపోయింది. పెళ్లి తర్వాత నా మీద కొత్తబట్ట పడటం ఆమె చూసింది అప్పుడే. ఎదురుగా పాత ఇనుము దుకాణం నడిపే జమాలుద్దీన్ మాత్రం చెవిలో ఊదాడు: "అన్నా, వీళ్లు ఊరికే బట్ట కప్పే రకం కాదు. చూసుకో."

నియమం తర్వాత తెలిసింది. శాలువా కప్పించుకున్నవాడు కళాఖండాన్ని ఊరికి సమర్పించినట్టే. కళాఖండమంటే మొక్క, డబ్బా, డబ్బా కింది నేల, చూడవచ్చినవాళ్లు నిలబడే చోటు. (ఎంతమంది వస్తారని అడిగాను. ఎవరూ రాకపోయినా చోటు ఉండాలట.) నీళ్లు మాత్రం నేనే పోయాలి, అది కళాకారుడి బాధ్యత.

నాగేంద్రమ్మ చారులోకి రెండు కరివేపాకు రెబ్బలు తుంచితే శిల్పాన్ని గాయపరిచిందని రాసుకున్నారు. మా మేక బచ్చలితీగ తింటే, దాన్ని విమర్శకుల కోవలో చేర్చి పట్టుకుపోయారు.

శాలువా తిరిగిచ్చేద్దామని గోవర్ధన్ దగ్గరికి పోయాను.

"ఉతికినావా?" అన్నాడు.

"మా ఇంటామె ఉతికింది సార్."

"ఇంకేంది! ఉతికినాక వాడుకున్నట్టే. వెనక్కి తీసుకోం."

ఇప్పుడు చుట్టూ కంచె, ముట్టరాదని బోర్డు. పక్కవాడి గోడ అంగుళం కూడా జరగలేదు. హద్దు భద్రంగా ఉంది. దాని ఇవతల నాకుండాల్సిన ఒకటింబావు సెంటే లేదు.