కంఠస్థం చేసిన చూపు

ఆ ఉదయం డ్రైవరుగారి పథకంలో చిక్కేమీ లేదు. తొమ్మిదింటికి కంటి డాక్టరమ్మ దగ్గర పరీక్ష, పదింటికల్లా బస్సు. ఇరవై రెండేళ్ళుగా పట్టుకున్న స్టీరింగు అది. కళ్ళజోడు పడితే డ్రైవరుగా పనికిరారని, డిపో గేటు దగ్గర కుర్చీ వేస్తారని ఎవరో చెప్పినప్పటినుంచి ఆయన ప్రాణం ప్రాణంలో లేదు. బస్సులు, గోడలు ఇప్పటికీ చక్కగా కనిపిస్తాయి. అంతకన్నా చిన్నవాటితోనే పేచీ.

బావమరిది ఆ ఆసుపత్రిలోనే గదులు తుడుస్తాడు. పరీక్ష పట్టికలో మూడు పళ్ళ దువ్వెనల్లాంటి గుర్తులుంటాయి, పళ్ళు ఎటున్నాయో చెప్పాలి. అతగాడు పట్టిక ఎదుట నిలబడి అవన్నీ కాగితం మీద రాసుకొచ్చాడు. నాలుగు రోజులపాటు భార్య కూరలు తరుగుతూ పాఠం ఒప్పజెప్పించుకుంది.

"ఆరో వరస?"

"కుడి, పైకి, ఎడమ, ఎడమ, కిందికి."

"అక్కడ నీళ్ళు నమలకండి మరి," అంది.

పరీక్ష గది ఇరుకుగా ఉంది. ఎదురుగా ఎవరో లావుపాటి మనిషి మసగ్గా కూర్చుని ఉన్నాడు. డ్రైవరు మర్యాదకి తల ఊపాడు. ఆయనా ఊపాడు. మంచి మనిషే అనుకుని, డాక్టరమ్మ అడిగిన వరసలన్నీ గడగడా అప్పజెప్పేశాడు.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "పైకి, కిందికి ఒక్కటీ తప్పలేదు. కుడిని మాత్రం ఎడమంటున్నారు, ఎడమని కుడంటున్నారు. మీ కుడి చెయ్యి ఏది?"

ఎత్తాడు. సరిగ్గానే ఎత్తాడు. ఆమెకి అనుమానం ఇంకా ముదిరింది.

"చివరి వరసదాకా చెప్పారు. కళ్ళు భేషుగ్గా ఉన్నాయి. తేడా బుర్రలో ఉన్నట్టుంది," అని డిపో మేనేజరుకి ఫోన్ చేసింది.

"పోయిన వారం బస్సుని పక్క వీధిలోకి పోనిచ్చింది అందుకేనన్నమాట," అన్నాడు మేనేజరు, ఫోన్లోంచి గదంతా వినబడేలా. "ఇక గేటు కూడా ఇవ్వలేమండీ. వచ్చే బస్సుని పొమ్మంటాడు, పోయే బస్సుని రమ్మంటాడు."

స్టీరింగు కోసం వస్తే గేటు కూడా పోయింది. గుమ్మం దగ్గర చీపురుతో నిలబడ్డ బావమరిది ఇక ఉండబట్టలేకపోయాడు.

"పట్టిక చూసే రాశాను బావా, నీమీదొట్టు."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పట్టిక ఇరవై అడుగుల దూరంలో ఉండాలి. ఈ గది పదడుగులే. అందుకే పట్టికని మీ వెనక గోడకి తగిలించి, ముందు గోడకి అద్దం పెట్టాం. వస్తువు అద్దానికి ఎంత ముందుంటే బొమ్మ అంత వెనక ఉన్నట్టు కనిపిస్తుంది. పైకీ కిందికీ మారవు, కుడి ఎడమలే తారుమారవుతాయి. ఈయన రాసింది గోడమీది పట్టిక. మీరు చదవాల్సింది అద్దంలోది."

"మరి ఆ ఎదుటాయన?"

"మీరే."

ఆమె మేనేజరుకి మళ్ళీ ఫోన్ చేసి బుర్ర బాగానే ఉందని, పాడైంది కళ్ళేనని చెప్పి, డ్రైవరు ముక్కుమీద కళ్ళజోడు పెట్టింది. లావుపాటి మనిషికి మీసాలొచ్చాయి, సిగ్గూ వచ్చింది. అద్దం పక్కనే ఓ బోర్డు ఉంది. ఒక్కో అక్షరం అరచెయ్యంత.

'కళ్ళజోడుతో చూపు సరిపోయే డ్రైవర్లు యథాప్రకారం బస్సు నడపవచ్చు.'

బావమరిది తొమ్మిదేళ్ళుగా రోజూ ఆ బోర్డుని శుభ్రంగా తుడుస్తున్నాడు.